తిరిగి రాదని పూచీ

ఎడిసన్, న్యూజెర్సీ
2006 ఫిబ్రవరి 11

భీమ్లా అన్నకు, పుష్ప రాస్తున్నది.

ఈ సంగతి ఫోన్లోనే చెబుదామనుకున్నాను. మొదటిసారి టేకులపల్లి బూతులో ఉన్నతను తండాకు మనిషిని పంపేలోపే ఫోన్ కార్డు అయిపోయింది. ఇంకోసారి నువ్వు దొరికావు గానీ "బాగున్నవా, తిన్నవా, ఆడ చలి ఎట్లున్నది" అనేలోపు ఆ కార్డూ అయిపోయింది. ఇక్కడి చలి సంగతి నీకెందుకన్నా? అందుకే కాగితం తీసుకున్నాను. బడి పిల్లల కాపీలు దిద్దినట్టు గబగబా కాకుండా నిదానంగా చదువు.

నాకు ఇక్కడ యూనివర్సిటీలో సీటు వచ్చింది. మొక్కల శాస్త్రం. ప్రొఫెసరమ్మ తన ల్యాబులో పని కూడా ఇస్తానంది. ఆ పని ఉంటే ఫీజు ఉండదు, పైగా జీతం. వరంగల్లో ఎమ్మెస్సీ చదివి, పెళ్లై వచ్చిన నాటి నుంచి పప్పుకు పోపు పెట్టుకుంటూ కూర్చున్నదాన్ని. ఆ కబురు తెలిసి వంటింట్లో గంతులేశాను. కింది ఇంటివాళ్లు కర్రతో కప్పు తట్టారు.

చిక్కెక్కడంటే, నేను రవీందర్ ఉద్యోగం మీద వచ్చినదాన్ని. నా వీసాకు పేరు డిపెండెంట్. అంటే ఆయన తోకను. తోక చదువుకోవచ్చట గానీ జీతం తీసుకోకూడదట. ఆ పని కావాలంటే నేను తోకగా ఉండటం మాని విద్యార్థిగా స్టేటస్ మార్చుకోవాలి. ఇక్కడే ఉండి అప్లికేషన్ పెట్టుకోవచ్చు. ఆగస్టులోపు ఒప్పుకుంటే పని నాది. లేకపోతే వేరేవాళ్లది. పని లేకుండా ఆ ఫీజు కట్టడం మా వల్ల కాదు, కాబట్టి చదువూ పోయినట్టే.

ఇక నీతో పని. విద్యార్థి కావాలనుకునేవాళ్లు చదువయ్యాక సొంత దేశం వెళ్లిపోతామని ఇమిగ్రేషన్ వాళ్లను నమ్మించాలి. "అక్కడ నీకు ఇల్లుందా, భూమి ఉందా, నీ కోసం చూసే మనుషులున్నారా?" అని లాయరు అడిగాడు. అన్నీ ఉన్నాయన్నాను. కాగితం చూపించమన్నాడు. నువ్వు స్టాంపు పేపరు మీద రాసి, కొత్తగూడెంలో నోటరీ చేయించాలి. తునికిబండ తండాలో బాపు కట్టిన ఇంట్లో, వాగు పక్క చేనులో నాకు భాగం ఉందని, చదువయ్యాక నేను అక్కడికే తిరిగి వస్తానని. అంతే. నీకది లీవు లెటరు రాసినంత పని.

రవీందర్‌ను సంతకం పెట్టమంటే పెడతాడు. పక్కన నిలబడమంటే టీవీ చూస్తాడు. కాబట్టి నాకు నువ్వే దిక్కు. బాలి వదినకు నా దండాలు చెప్పు.

పుష్ప


తునికిబండ తండా, టేకులపల్లి మండలం
2006 మార్చి 5

చెల్లె పుష్పకు, అన్న భీమ్లా దీవెనలు.

నిదానంగానే చదివాను. ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. రవీందర్‌తో ఏమైంది?

నువ్వు అమెరికాలో ఎన్ని అర్థాలైనా చెప్పుకో. పెళ్లైన ఆడబిడ్డ "తిరిగి వస్తాను" అని కాగితం రాయించుకుంటోందంటే తండాలో దానికి ఒకటే అర్థం. మొగుడితో చెడింది, మూట సర్దుకుంటోంది. అమ్మా నాన్నా లేని పిల్లవు. కష్టం వస్తే నాతో చెప్పుకోవాలి గానీ చదువు పేరు, లాయరు పేరు చెప్పి చుట్టూ తిప్పడం ఎందుకు? కొట్టాడా? తాగుతున్నాడా? చెప్పు, వాళ్ల తండాకు పోయి పెద్దమనుషులను కూర్చోబెడతాను.

రెండోది భూమి. "చేనులో నాకు భాగం ఉంది" అని ఎంత అలవోకగా రాశావు! ఈ తండాలో ఏ ఆడబిడ్డ అడిగింది ఆ మాట? నీ ఉత్తరం బాలికి చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. ఆ రోజు నుంచి నాతో మాటలు లేవు. బర్రెతో మాట్లాడుతుంది. నాకు చెప్పాల్సినవన్నీ బర్రెకే చెబుతుంది. గంజి గిన్నె నా ముందు పెట్టేటప్పుడు ఆ చప్పుడు మన తండా పెద్ద, నాయకు బద్యా తాత ఇంటి దాకా వినబడుతోంది.

పైగా ఇంటి సంగతి, భూమి సంగతి కాగితం మీదికి ఎక్కాలంటే పంచాయితీలో చెప్పకుండా ఎక్కదు. నేను గవర్నమెంటు టీచరునే కావచ్చు, తండాలో మాత్రం బాపు కొడుకునే. బద్యా తాత ముందు ఏమని నోరు తెరవాలి? నువ్వే రాయి.

భీమ్లా


ఎడిసన్, న్యూజెర్సీ
2006 మార్చి 22

అన్నా,

రవీందర్ నన్ను కొట్టలేదు, తాగడం లేదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే "మీ అన్న భలే మనిషి" అని నవ్వి మళ్లీ క్రికెట్లో పడ్డాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను చేను అడగలేదు. చేను ఉందని చెప్పమన్నాను. ఒక్క మూర నేల కూడా నాకొద్దు. చిన్నప్పుడు ఆ చేనులో పత్తి ఏరలేదా? వాగు పొంగితే మోటరు కోసం నడుము లోతు నీళ్లలోకి నీతోపాటు దిగలేదా? అది నాది కూడా అనే మాట నీ నోటి నుంచి రావడానికి ఇంత బరువా? ఇక్కడ నాకు ఏమీ లేదన్నా. బ్యాంకు ఖాతా ఆయనది, కారు ఆయనది, నా ఉనికి కూడా ఆయన ఉద్యోగానిది. రేపు ఆయన కంపెనీ మూతపడితే నేను కూడా మూతపడతాను. నాకంటూ ఒక కాగితం ఉండాలనుకోవడం తప్పా?

"తిరిగి వస్తాను" అంటే మొగుణ్ని వదిలేసి వస్తానని కాదు. చదువు ముగించుకుని, కావాలంటే ఆయన్నీ వెంటబెట్టుకుని వస్తానని. బద్యా తాతకు ఇదే చెప్పు. వదినకు నేనే చెబుదును గానీ ఆమెకు చదువు రాదు, నువ్వు చదివితే నీ గొంతులో నా మాటలు కూడా దావా వేసినట్టే వినబడతాయి.

టైం లేదు. అప్లికేషన్ ఏప్రిల్లో వెళ్లాలి. కాగితం నాకు పంపితే నేను మళ్లీ పంపేసరికి ఆలస్యం. ఇంగ్లీషులోకి మార్పించి, కొరియర్లో నేరుగా లాయరు ఆఫీసుకే పంపు. అడ్రసు వెనక రాశాను. దండం పెడతాను, ఇంకేమీ అడగకు.

పుష్ప


తునికిబండ తండా
2006 ఏప్రిల్ 9

చెల్లె పుష్పకు,

ఇక నిశ్చింతగా ఉండు. కాగితం వెళ్లిపోయింది.

పోయిన ఆదివారం పొద్దున పంచాయితీ కూర్చుంది. నీ ఉత్తరం నేనే చదివాను. నువ్వు రాసినట్టే రాద్దామన్నాను. బద్యా తాత చుట్ట పక్కన పెట్టి, "నువ్ సదువుకున్నోనివి గని తెలివి లేదుర భీమ్లా. పెండ్లైన పిల్ల తిరిగొస్తదని నోటితోని అననే అనం, స్టాంపు పేపర్ల మీద రాస్తమా? రాసినంక నిజంగనే అట్లయితే ఎవలు జవాబు?" అన్నాడు. దానికి నీ దగ్గర జవాబు ఉందా?

భూమి మాట కూడా వచ్చింది. "సాగనంపేనాడు ఎద్దు మీద నిలవడి, రెండు చేతులెత్తి, నా పుట్టిల్లు సల్లగుండాలె అని పాడి దీవెన పెట్టిపోయింది గద. దీవెన పెట్టిన ఇంట్ల వాటా అడుగుతదా ఎవలన్న?" అన్నాడు. అందరూ తలలూపారు. నిజం చెప్పాలంటే నాకూ సబబుగానే అనిపించింది.

అయితే నిన్ను వదిలేస్తామా? అమెరికావాళ్లకు మన పిల్ల మీద ఏం అనుమానం ఉందో అది తీరేలా రాయాలని తాతే ముందుకు వచ్చాడు. నువ్వు అడిగినదానికంటే గట్టిగా రాయించాం. ఒక్క నా సంతకంతో పోయేదాన్ని తండా మొత్తం వేలిముద్రలు వేసి పంపాం. కొత్తగూడెంలో ఇంగ్లీషు లెక్చరరు తర్జుమా చేస్తూ "ఇట్లాంటి సర్టిఫికెట్ నేను ఎక్కడా చూడలేదు మాస్టారూ" అన్నాడు. ఏం రాశామో లాయరు దగ్గర చదువుకో. నీ ఛాతీ పొంగుతుంది.

బాలి ఇంకా బర్రెతోనే.

భీమ్లా


ఎడిసన్, న్యూజెర్సీ
2006 ఆగస్టు 14

భీమ్లా అన్నకు,

నా అప్లికేషన్ కొట్టేశారు.

లాయరు ఆఫీసులో గుమస్తా మీ కాగితాన్ని చదవకుండానే మిగతావాటితో కలిపి పంపేసింది. నేరుగా అక్కడికే పంపమన్నది నేనే కదా, నా తలను నేనే బాదుకున్నాను. ఎందుకు కొట్టేశారో ఇమిగ్రేషన్ వాళ్లు రెండు పేజీలు రాశారు. అందులో మీ మాటలే ఎత్తి చూపించారు. లాయరును బతిమాలి నకలు తెచ్చుకున్నాను. నా ఛాతీ పొంగుతుందన్నావు కదా, నువ్వు కూడా ఇంకోసారి చదువుకో:

"పుష్ప మా తండా ఆడబిడ్డ. ఆమెను ఘనముగా పెండ్లి చేసి సాగనంపితిమి. ఆమె ఇల్లు వాకిలి, మంచి చెడ్డ సమస్తము భర్త వద్దనే గలవు. మా పుట్టింటి ఆస్తిలో ఆమెకు ఎట్టి హక్కు లేదు, ఆమె అడుగునది కాదు. ఎంతటి కష్టము వచ్చినను ఆమె భర్తను విడిచి మా తండాకు తిరిగి రాదని మేమందరము పూచీ పడుచున్నాము."

వాళ్లు అడిగింది ఒక్కటే ప్రశ్న. నీకు తిరిగి వెళ్లడానికి ఇల్లుందా? తండాకు తండా కూర్చుని, వేలిముద్రలు వేసి, నోటరీ చేయించి, లేదని చెప్పింది. ఆఫీసరు తనంతట తనే రాసి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయనకేం తెలుసు? మీరు రాశారు. నేను పుట్టిన ఇంటివాళ్లు. ఎంతటి కష్టం వచ్చినా రాదట! కష్టం వస్తే ఎక్కడికి పోవాలన్నా నేను? ఇక్కడివాళ్లు నువ్వు ఇక్కడిదానివి కాదంటారు. మీరు అక్కడిదానివి కాదంటారు. మధ్యలో సముద్రం ఉంది, అందులో ఉండనా?

ఏడుపు ఆగలేదు. వంట చేయలేదు. రవీందర్ మొదటిసారి టీవీ ఆపి పక్కన కూర్చున్నాడు. నా జడ పట్టుకుని కూర్చున్నాడు, పాపం.

ప్రొఫెసరమ్మ ఆ పనిని జనవరి దాకా ఆపగలనంది. ఆ తర్వాత ఆమె చేతిలో లేదు. మిగిలింది ఒకటే దారి. నేను ఇండియా వచ్చి, చెన్నై వీసా ఆఫీసులో నిలబడి విద్యార్థి వీసా అడగాలి. అక్కడా ఇదే ప్రశ్న అడుగుతారు. అక్కడా కాదంటే కథ అయిపోయినట్టే.

మళ్లీ కాగితం రాయమని అడగను. అడిగి అవమానపడే ఓపిక లేదు.

పుష్ప


తునికిబండ తండా
2006 సెప్టెంబర్ 10

చెల్లె పుష్పా,

నీ ఉత్తరం చదివి ముందు నాకు కోపమే వచ్చింది. నిజాయితీగా రాశాం. ఒక ఆడబిడ్డ గురించి తండా అంతా పూచీ పడటం అంటే మాటలా? మన దగ్గర ఎవరికైనా అలాంటి కాగితం ఇస్తే పటం కట్టించుకుంటారు. అదే కాగితం నీ మెడకు ఉరి అవుతుందని మాకేం తెలుసు? ఇవన్నీ అరుగు మీద కూర్చుని బాలి వినేలా గట్టిగా అన్నాను. బర్రెకు మేత వేస్తున్నదల్లా ఆగి, ఇన్ని నెలల తర్వాత నాతో మాట్లాడింది.

"సదువు ఆ ఉత్తరం," అంది. చదివాను. "మల్ల సదువు," అంది. మళ్లీ చదివాను. చెంగు నడుముకు దోపుకుని తిన్నగా బద్యా తాత ఇంటికి బయల్దేరింది. చెప్పులేసుకుని నేను వెనక పరిగెత్తాను.

బాలి భూమి పోతుందని అలిగిందనుకున్నాను ఇన్నాళ్లూ. కాదట. నీ మొదటి ఉత్తరం చదివి వినిపించిన నాడే తన మాటేమిటని నేను అడగలేదట, తర్వాత తన ఇంటి సంగతి మగవాళ్లే కూర్చుని రాశారు, ఒక్కరూ తనను అడగలేదట, అందుకట. తాత ముందు అంది కదా: "మేం ఎద్దు మీద నిలవడి దీవెన వెట్టినం గని, రాజీనామ రాసియ్యలే. మీరెవలు రాసిచ్చెటందుకు?"

తాత ఏదో అనబోయాడు. బాలి అననిస్తేనా! "మా అన్నలు గిట్ల రాసిస్తే నేనేడికి పోవాలె తాతా? ఈ ఇంట్ల నన్నొక మాట అంటే మా తండా దిక్కు నడుస్తనని ఈయనకు భయమున్నది. గందుకే జర ఒద్దికగ ఉన్నడు. ఆ భయం గూడ లేకుంట చేసిన్రు గద పుష్పకు. ఆడివిల్లకు ఎనకకు తొవ్వ ఉంటేనే ముందల మర్యాద ఉంటది."

నేను తల దించుకున్నాను. తాత చుట్ట ఆరిపోయింది, మళ్లీ వెలిగించుకోలేదు. "రాయుండ్రి. నిజమే రాయుండ్రి," అన్నాడు. "నిజం ఏంది తాతా?" అన్నాను. "దాని వదిన చెప్తది," అన్నాడు.

బాలి చెప్పింది, నేను రాశాను. మన ఇంట్లో తూర్పు అర్ర, ఆ గది నీది. వాగు పక్క చేనులో నీకు భాగం ఉంది. చదువయ్యాక తిరిగి వస్తావు, మేం ఎదురుచూస్తున్నాం. మొదటి వేలిముద్ర బాలిది, తర్వాత తాతది. కాగితం దీంతో పాటే పంపుతున్నాను. ఈసారి నీకే. నువ్వు అడగకపోయినా పంపుతున్నాను, కోపం ఉంటే నా మీద ఉంచుకుని కాగితం మాత్రం వాడుకో.

చెన్నై నుంచి తండాకు రా. తూర్పు అర్రకు బాలి సున్నం వేస్తోంది.

భీమ్లా


చెన్నై
2007 జనవరి 12

అన్నా, వదినా,

వీసా ఇచ్చారు.

ఎలా ఇచ్చారో చెబితే నీకు మండుతుంది. నాకూ మండుతోంది. సోమవారం పొద్దున్నే వరసలో నిలబడ్డాను. మీ స్టాంపు పేపరును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, చెమట తగలకుండా ఛాతీకి పట్టుకుని నిలబడ్డాను. ఇంటి గురించి అడిగితే ఏం చెప్పాలో, అర్ర గురించి, చేను గురించి, ఇంగ్లీషులో వల్లె వేశాను. లోపల అద్దం వెనక ఒకాయన. ఏం చదువుతావన్నాడు. చెప్పాను. ఫీజు ఎవరు కడతారన్నాడు. ప్రొఫెసరమ్మ రాసిచ్చింది చూపించాను. నేను కవరు విప్పి మీ కాగితం అద్దం కింద నుంచి తోస్తే, చేత్తోనే వద్దని వెనక్కి తోసేశాడు. వీసా వేసి పంపడానికి పాస్‌పోర్టు ఉంచుకున్నాడు, అది నిన్న చేతికొచ్చింది. "నెక్స్ట్," అన్నాడు.

అంతే అన్నా. దాని కోసం మనం ఏడాదిగా కొట్టుకున్నాం. నువ్వూ వదినా మాట్లాడుకోలేదు, నేను తిండి మానేశాను, తాత చుట్ట ఆరిపోయింది. ఆ మనిషి దాన్ని కన్నెత్తి చూడను కూడా లేదు. "చూడయ్యా, చదువయ్యా, ఇందులో మా వదిన వేలిముద్ర ఉంది" అని అద్దం మీద కొట్టాలనిపించింది. బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. వీసా రాలేదనుకుని ఎవరో పెద్దావిడ నన్ను ఓదార్చింది.

తండాకు రావడం లేదు. ఎల్లుండే విమానం. క్లాసులు మొదలవుతున్నాయి, ఆలస్యమైతే ప్రొఫెసరమ్మ పని కూడా పోతుంది. ఇది సగం నిజం. మిగతా సగం, ఆ మొదటి కాగితం మీద కోపం ఇంకా పోలేదు. పోయిందని అబద్ధం చెప్పి మీ ముందుకొచ్చి నవ్వలేను. పోయాక వస్తాను.

రెండో కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వను. నా దగ్గరే ఉంటుంది.

పుష్ప


తునికిబండ తండా
2007 ఫిబ్రవరి 4

చెల్లె పుష్పకు,

వీసా వచ్చినందుకు తండాలో బెల్లం పంచాను. నువ్వు రానందుకు బాలి నా మీద అరిచింది. నేనేదో చెన్నైలో నిన్ను పట్టుకుని ఆపినట్టు! పైగా సున్నం వేసిన చేతులు నాకు చూపించింది.

ఆ అద్దం వెనక దొర చదివాడో లేదో మాకు అనవసరం. ఆయన కోసమే రాశాం గానీ మాట ఇచ్చింది మేం. బద్యా తాత బడికి పోయే దారిలో నన్ను రోజూ ఆపుతున్నాడు. "నీ చెల్లె ఎప్పుడొస్తున్నదిర? వస్తదని ఏలు పెట్టిన. నేను పోయేలోపల రాకుంటే అబద్ధం ఆడినోన్ని అయిత," అంటున్నాడు. ముందు తిరిగి రాదని పూచీ పడ్డ నోటితోనే ఇప్పుడు ఇంకా రాలేదేమని తిడుతున్నాడు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. నీ కోపం ఎన్నాళ్లుంటుందో ఒక అంచనా రాసి పంపితే తాతకు చెబుతాను.

ఈ ఏడు పత్తి బాగా దిగింది. ధర లేదు, అమ్మలేదు. ఇల్లంతా పత్తే. వంటింట్లో పత్తి, మంచం కింద పత్తి, నా కాపీల మీద కూడా పత్తి. కొంత గోనె బోరాల్లో కుక్కి తూర్పు అర్రలో వేద్దామన్నాను. బాలి తాళం వేసి చెవి నడుముకు కట్టుకుంది. "అది పుష్ప అర్ర. ఆమెను అడుగు," అంది.

అందుకని అడుగుతున్నాను. నువ్వు సరేనంటే నాలుగు బోరాలు లోపల పెట్టుకుంటాం. అప్పటి దాకా మేమిద్దరం వరండాలో పడుకుంటున్నాం. మంచు బాగా కురుస్తోంది.

జల్దీ జవాబు రాయి.

భీమ్లా